పిట్టగోడ దాటే పిల్లి, పక్కింటివాళ్ల కోపం

మన కాలనీల్లో ఇంటికీ ఇంటికీ మధ్య ప్రహరీ ఉంటుంది గానీ, డాబాకూ డాబాకూ మధ్య ఉండేది రెండు మూడడుగుల సందే. పిల్లి నడిచే దారి పైనే ఉంటుంది. పిట్టగోడ మీంచి పక్కింటి సన్‌షేడ్ మీదికి దూకుతుంది, అక్కణ్ణుంచి ట్యాంకు కిందికి, ట్యాంకు పైపు పక్కగా వాళ్ల పెరట్లోకి దిగుతుంది. మనం గేటు వేసుకుని నిశ్చింతగా పడుకునేలోపు అది నాలుగిళ్లు చుట్టేసి వస్తుంది. ఆ నాలుగిళ్లలో ఏ ఒక్కరికి సహనం పోయినా మాట పడేది మనం, దెబ్బ తినేది అది.

అందుకే పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే వినాలి. గుమ్మం ముందుకొచ్చి "మీ పిల్లి చూడండి ఏం చేసిందో" అని కేకలేసే మనిషితో ఇంకా మాటలు సాగుతున్నాయి. అన్నాళ్లూ అడిగి అడిగి ఒకరోజు హఠాత్తుగా నోరు మూసుకున్న ఇంటి గురించి ఎక్కువ భయపడాలి. ఫిర్యాదుల వెనక ఉండే కారణాలు లెక్కకు నాలుగైదే: మలమూత్రాలు, రాత్రి అరుపులు, వంటింట్లో దూరడం, రోగాల భయం, బండి సీట్లు గీకడం. వీటిలో చాలావాటికి మన ఇంట్లోనే విరుగుడు ఉంది.

ముందు ఆ పని మన పిల్లిదేనా అని తేల్చుకోవాలి. బూడిదరంగు చారల పిల్లి వీధికి నాలుగుంటాయి. ఎక్కడ, ఏ వేళకి, ఎన్నిసార్లు జరిగిందో అడిగి రాసుకోండి. రాత్రి రెండింటికి జరిగిందంటే, ఆ వేళ మన పిల్లి గదిలో ఉందో లేదో మనకు తెలుస్తుంది. పక్కింట్లో సీసీ కెమెరా ఉంటే ఆ వీడియో చూపించమని మర్యాదగా అడగొచ్చు. మన పిల్లిదే అని తేలితే వెంటనే ఒప్పుకోవాలి. బుకాయించడం మొదలుపెట్టామంటే తర్వాత మనం నిజం చెప్పినా ఎవరూ నమ్మరు.

తులసి కోట, ఇసుక కుప్ప

అన్నిటికంటే ఎక్కువ నొప్పించేది ఇదే. పొద్దున్నే స్నానం చేసి దీపం పెట్టడానికి వచ్చిన ఆవిడకు తులసి కోటలో మట్టి తవ్వి పిల్లి మలం కనిపిస్తే, "నోరులేని జీవం కదండీ" అన్న మాట ఆమెను ఇంకా రేపుతుంది. అది ఆమె పూజకు తగిలిన దెబ్బ. ముందు శుభ్రం చేసిపెట్టాలి, తర్వాతే మాట. "పిన్నిగారూ, తప్పు మాదే. మట్టి తీసి కొత్త మట్టి నేనే పోయిస్తాను, మళ్లీ రాకుండా పైన జాలీ కూడా వేయిస్తాను" అంటే సగం వేడి అక్కడే దిగుతుంది.

పిల్లి పొడిగా, వదులుగా, మెత్తగా ఉన్న మట్టిని వెతుక్కుంటుంది. ఇల్లు కట్టేవాళ్లు పోసిన ఇసుక కుప్ప దానికి స్వర్గం. కాబట్టి అంతకంటే మంచి చోటు మన పెరట్లోనే చూపించాలి. సుమారు రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఆరంగుళాల లోతున్న ప్లాస్టిక్ టబ్బు తీసుకుని, అందులో మూడంగుళాల మేర జల్లించిన ఇసుక పోయాలి. టబ్బు అన్నం గిన్నెకు దూరంగా, మనుషుల రాకపోకలు తక్కువున్న మూల పెట్టాలి. ఒక పిల్లికి రెండు టబ్బులు, రెండు పిల్లులకు మూడు అన్నది పాటించదగ్గ లెక్క. అలవాటు చేయడానికి దాని మలం కొద్దిగా, అది తడిపిన ఇసుక ఒక గుప్పెడు తెచ్చి అందులో కలిపితే వాసన పట్టుకుని వస్తుంది.

ఇక్కడ చాలామంది రెండు పొరపాట్లు చేస్తారు. రోజూ తీసేయాల్సినదాన్ని వారానికోసారి తీస్తారు. టబ్బు కంపు కొడితే పిల్లి మళ్లీ పక్కింటి కుండీకే పోతుంది. రెండోది వానాకాలం సంగతి. టబ్బు ఆరుబయట ఉంటే జూన్ నుంచి ఇసుక తడిసి ముద్దవుతుంది, అప్పుడు పక్కింటి పోర్టికోలో పొడిగా ఉన్న మూల దానికి మరుగుదొడ్డి అవుతుంది. ఏటా తొలకరితోనే గొడవలు ముదిరే ఇళ్లలో కారణం చాలాసార్లు ఇదే. టబ్బు మీద రేకో, మెట్ల కింద చోటో ఉండాలి.

పక్కింటివాళ్ల కుండీలకు కోళ్ల జాలీ ముక్కలు కత్తిరించి మట్టి మీద పరిస్తే పిల్లి పంజాతో తవ్వలేదు, మొక్కకేమీ కాదు. అంచులు కిందికి మడిచి మట్టిలో గుచ్చాలి. గోలీకాయంత గులకరాళ్లు పరిచినా పనిచేస్తుంది. జాలీ ఖర్చు మనమే పెట్టుకోవాలి. నిమ్మ, నారింజ తొక్కలు ఒకటి రెండు రోజులకు మించి పనిచేయవు. కారం చల్లితే అది పంజాకు అంటుకుని, ముఖం తుడుచుకున్నప్పుడు కళ్లలో పడుతుంది. కలరా ఉండలు పిల్లికి విషం. ఫినాయిల్ సంగతి చాలామందికి తెలియదు: నల్లదైనా తెల్లదైనా ఫినాయిల్ పోసిన గచ్చు మీద నడిచి, ఆ పాదాలు నాక్కుంటే పిల్లి కాలేయం దాన్ని విరిచేయలేదు. పక్కింటివాళ్లు రోజూ వాకిలి ఫినాయిల్‌తో కడుగుతుంటే, కనీసం ఆరేదాకా మన పిల్లిని లోపల పెట్టుకోవాలి. మూత్రం చల్లిన గోడను అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కడిగితే ఆ వాసన మూత్రంలాగే ఉండి పిల్లి మళ్లీ అక్కడికే వస్తుంది. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడండి.

గండుపిల్లి, రాత్రి అరుపులు

నిద్ర చెడితే మనిషికి వచ్చే కోపం వేరు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయని ఆడపిల్లి ఎదకొస్తే నాలుగైదు రోజుల నుంచి వారం దాకా అరుస్తుంది. మగపిల్లితో జత కట్టకపోతే రెండు మూడు వారాలకే మళ్లీ ఎదకొస్తుంది. ఏడాదంతా పగటి వెలుగు పెద్దగా తగ్గని మన ప్రాంతంలో ఇది ఏడాదిలో ఎక్కువకాలం సాగుతూనే ఉంటుంది. ఆ అరుపుకి ఊళ్లో ఉన్న గండుపిల్లులన్నీ వచ్చి పిట్టగోడల మీద కొట్లాడతాయి, తలుపులకు, బండ్లకు మూత్రం చల్లుతాయి. కట్టిన తర్వాత 63 నుంచి 65 రోజుల్లో ఈనుతుంది. పిల్లల్ని పెట్టాక ఏడిళ్లు తిప్పుతుందని ఊరికే అనలేదు. ఆ ఏడిళ్లలో ఒకటి మీమీద మండిపడుతున్నవాళ్ల అటక కావచ్చు.

దీనికి మందు ఆపరేషనే. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య చేయించాలి, మొదటి ఎద దాకా ఆగక్కర్లేదు. "ఒక్క ఈత ఈననిస్తే మంచిది" అన్న మాటకు వైద్యంలో ఆధారం లేదు. మగపిల్లికి చేయిస్తే తిరుగుడు, కొట్లాట, మూత్రం చల్లడం చాలావరకు తగ్గిపోతాయి. మర్నాటికే మారిపోదు, కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లో అది ఆడపిల్లుల్ని కట్టగలదు కూడా, కాబట్టి ఇంట్లోనే ఉంచాలి. ఆడపిల్లికి కుట్లు మానడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో బయటికి వదిలితే కుట్లు విప్పుకుని చీము పట్టించుకుంటుంది. దగ్గర్లో పిల్లుల డాక్టరు లేకపోతే హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడగొచ్చు.

వీధిలో సొంతదారులు లేని పిల్లులుంటే వాటికీ చేయించే ఆలోచన చేయాలి. ఆపరేషన్ అయినవాటికి ఎడమ చెవి కొస కొద్దిగా కత్తిరిస్తారు, దూరం నుంచే గుర్తుపట్టడానికి. పక్కింటివాళ్లకు ఆ గుర్తు గురించి చెప్పి ఉంచండి. వాటిని గోనెసంచిలో కట్టి ఊరవతల వదిలిపెడితే తిండి, చోటు అలాగే ఉంటాయి కాబట్టి ఇంకో పిల్లి వచ్చి ఆ జాగా నింపుతుంది.

వంటింటి కిటికీ

పక్కింటి చేపల కూర మాయమైందంటే మన ఇంటి గిన్నె కూడా చూసుకోవాలి. పెరుగన్నం, పాలన్నం మీద బతికే పిల్లికి కడుపు నిండినా ఆకలి తీరదు. దానికి మాంసకృత్తులు కావాలి, టారిన్ అనే పోషకం కావాలి. టారిన్ ముఖ్యంగా మాంసం, చేపల్లో ఉంటుంది. అది లేకపోతే కొన్నాళ్లకు కంటిచూపు, గుండె దెబ్బతింటాయి. పెద్ద పిల్లులకు పాలు చాలావాటికి పడవు, విరేచనాలవుతాయి, ఆ విరేచనాలు కూడా పక్కింటి పెరట్లోనే. నాలుగు కిలోల పిల్లికి రోజుకు 200 నుంచి 250 కేలరీల తిండి సరిపోతుంది. పిల్లుల కోసం చేసిన తిండి ప్రధానంగా పెట్టి, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ కలపొచ్చు. ఒట్టి చికెన్ ఒక్కటే ఏళ్ల తరబడి పెడితే కాల్షియం చాలదు.

వాళ్ల కిటికీకి దోమతెర ఉందంటే అది ఏ రకమో చూడండి. ఫైబర్ తెరను పిల్లి గోళ్లతో చీల్చేస్తుంది. స్టీలు తెర నిలుస్తుంది. కిటికీ ఒకటే అయితే ఆ తెర మనం వేయించి ఇవ్వడం ఏడాది పొడవునా గొడవ పడటంకంటే చాలా చవక.

రోగాల భయం

గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లిని చూస్తే భయపడతారు. ఆ భయంలో కొంత నిజముంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో వస్తుంది. కానీ పిల్లి సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు ఒకటి రెండు వారాలే దాన్ని వదులుతుంది, వదిలినది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. రోజూ తీసే మలంతో ముప్పు అందుకే తక్కువ. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, మట్టి కూడా దానికి దారులే. ఆమెను తోటపనిలో గ్లవుజులు వేసుకోమనండి. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి పిల్లి లాలాజలంలో, చర్మంలో ఉండే ప్రొటీన్ నిజంగానే పడదు. వాళ్లింట్లోకి అది పోకుండా చూడటం మన బాధ్యత.

రేబిస్ విషయంలో సర్దుబాటు లేదు. బయట తిరిగే పిల్లికి మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తర్వాత ఏటా ఒకటి. పిల్లులకు వచ్చే మూడు వైరస్ రోగాలకు కలిపి వేసే ట్రైక్యాట్ టీకా ఎనిమిది తొమ్మిది వారాలకు మొదలు, మూడు నాలుగు వారాలకు మళ్లీ. పక్కింటి పాపను గీరినా, కరిచినా ఆ చోటును సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు మనమే వెంటపెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టీకా కార్డు చూపించినా డాక్టరు సూది వేయమంటే వేయించాల్సిందే. పిల్లిని పదిరోజులు ఇంట్లో పెట్టి గమనించాలి.

చీకటి పడేముందు తలుపు

పిల్లిని పూర్తిగా ఇంట్లో ఉంచగలిగితే అంతకంటే భద్రం లేదు. అది కుదరనప్పుడు చేయగలిగిన వాటిలో ఎక్కువ ఫలితం ఇచ్చేది రాత్రి లోపల ఉంచడం. వీధికుక్కలు, వాహనాలు, గండుపిల్లుల కొట్లాటలు, పక్కింటి నిద్ర, అన్నీ రాత్రివే. పెద్ద గిన్నె ఎప్పుడూ సాయంత్రమే పెట్టండి. ఆరున్నరకు గిన్నె మీద చెంచాతో మూడుసార్లు కొట్టి, లోపలే తినిపించి, తలుపు వేయాలి. పగలు పొట్టనిండా పెట్టి రాత్రి పిలిస్తే రాదు. రెండు వారాల్లో చాలా పిల్లులు ఆ చప్పుడికి అలవాటు పడతాయి. మొదటి నాలుగైదు రాత్రులు తలుపు గీకి అరుస్తుంది. జాలిపడి ఒక్కసారి తీశారంటే, అరిస్తే తలుపు తెరుచుకుంటుందని నేర్చుకుంటుంది. పడుకునేముందు పదిహేను నిమిషాలు తాడుతో ఆడించి, కాస్త తిండి పెడితే నిద్రపోతుంది.

పగలు కూడా మన హద్దులోనే ఉండాలంటే ప్రహరీ ఆరడుగులుండి, పైన లోపలివైపుకు వంగిన జాలీ కావాలి. ఎల్ ఆకారం ఇనుప బ్రాకెట్లు ఐదడుగులకొకటి బిగించి, ఒకటిన్నర నుంచి రెండడుగుల వెడల్పు జాలీని నలభై ఐదు డిగ్రీల వాలులో మన పెరటివైపుకు కట్టాలి. ఎక్కుతూ వచ్చిన పిల్లి పైకి చూస్తే జాలీ నెత్తిమీద ఉంటుంది, వెనక్కి దిగుతుంది. జాలీ బిగుతుగా ఉండక్కర్లేదు. ఊగే జాలీ మీద దానికి పట్టు దొరకదు. ఇంకో పద్ధతి, గోడ పైన నాలుగంగుళాల పీవీసీ పైపు. దానిలోపలినుంచి రెండంగుళాల పైపు, దాని లోపలినుంచి జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) దూర్చి రెండు చివర్లా లాగి బిగిస్తే, పంజా వేయగానే బయటి పైపు తిరిగిపోతుంది. పొడవు ఎక్కువైతే తీగ మధ్యలో వంగి పైపు గోడకు ఆనుకుని తిరగడం మానేస్తుంది, అందుకని ఎనిమిది పదడుగులకొక ఆధారం ఉండాలి.

ఇదంతా వృథా అయ్యేది చిన్న చిన్న చోట్ల: గోడ పక్కన ఉన్న డ్రమ్ము, బయటికి వాలిన జామకొమ్మ, గేటు కింద సందు. తల దూరితే పిల్లి మొత్తం దూరుతుంది. బాల్కనీలకు పావురాల కోసం కట్టే నైలాన్ వలను పిల్లి కొరికేస్తుంది; అంగుళం గళ్ల వెల్డ్ మెష్ (అతుకులు వేసిన ఇనుప జాలీ) మేలు. సంపుకు, బావికి మూత తప్పనిసరి.

దిష్టి తగలకుండా మెడకు నల్లదారం కట్టడం మన అలవాటు. పిల్లికి మాత్రం వద్దు. పిల్ల పెరిగేకొద్దీ దారం పెరగదు, బొచ్చు కింద చర్మంలోకి కోసుకుపోతుంది, లేదా గ్రిల్‌కు తగులుకుని ఉరిపడుతుంది. లాగితే ఊడిపోయే రకం కాలర్ కొని, రెండు వేళ్లు పట్టేంత వదులుగా కట్టి, మీ ఫోన్ నంబరు రాయండి. మెడలో నంబరున్న పిల్లిని చూస్తే రాయి తీసే చెయ్యి ఆగి, ఫోన్ తీసే అవకాశం ఎక్కువ.

విషం

విషం తిన్న పిల్లులన్నిటికీ ఎవరో కావాలని పెట్టలేదు. పక్కింట్లో ఎలుకల కోసం పెట్టిన మందు, లేదా ఆ మందు తిన్న ఎలుక చాలు. ఎలుకల మందు వాడుతున్నారా అని నేరం మోపకుండా అడిగి, బదులుగా ఒక ఎలుకబోను కొనిచ్చి చూడండి. జిగురు అట్టలు కూడా ప్రమాదమే. పిల్లికూన అతుక్కుంటే లాగకండి, కిరసనాయిలు పోయకండి. కొబ్బరినూనె రాస్తూ మెల్లగా విడదీయాలి.

లక్షణాలు తెలిస్తే డాక్టరుకు సమయం మిగులుతుంది. నోటివెంట చొంగ, కంటిపాప చిన్నదైపోవడం, వణుకు, ఫిట్స్ కనిపిస్తే పురుగుమందో పొలంలో వేసే గుళికలో అయ్యుండొచ్చు. ఇది నిమిషాల్లో, గంటల్లో ప్రాణం తీస్తుంది, దీనికి విరుగుడైన అట్రోపిన్ ఇంజెక్షన్ కావాలి. నల్లపొడిగా దొరికే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫిన్ వాయువవుతుంది, వాంతి వెల్లుల్లిలా వాసనొస్తుంది. ఆ వాయువు మనకూ హానే కాబట్టి కారు అద్దాలు దించి తీసుకెళ్లాలి. రంగు కేకుల్లో ఉండే బ్రోమాడియోలోన్ వెంటనే తెలియదు. రెండు నుంచి ఐదు రోజుల తర్వాత చిగుళ్లు పాలిపోయి, ఆయాసం వచ్చి, రక్తం కారుతుంది. దీనికి విటమిన్ కె1 ఉంది, వారాల తరబడి ఇవ్వాలి. రెండు రోజులకే లేచి తిరుగుతోందని మానేస్తే మళ్లీ పడిపోతుంది.

ఉప్పునీళ్లు పట్టకండి, పాలు పోయకండి, వేలు పెట్టి కక్కించకండి. ఫిట్స్‌లో ఉన్నదాని నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. జ్వరంగా ఉందని పారాసెటమాల్ వేయకండి, అరబిళ్ల చాలు చంపడానికి. కుక్కల గోమారికి వాడే పెర్మెత్రిన్ చుక్కలు కూడా పిల్లికి విషమే. మందు పాకెట్టు దొరికితే వెంట తీసుకెళ్లండి.

చట్టం ఎక్కడ అక్కరకొస్తుంది

భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని 325వ సెక్షన్ కింద ఏ జంతువునైనా చంపడం, విషం పెట్టడం, అవిటిని చేయడం నేరం. ఐదేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ హానికర పదార్థం పెట్టడాన్నీ, ఆకలిదప్పులతో బాధపడేలా వదిలేయడాన్నీ నేరంగా చూస్తుంది, కానీ మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలే. అందుకే ఫిర్యాదులో 325 కూడా రాయాలి. అపార్టుమెంటు సంఘం మెజారిటీతో తీర్మానం చేసినా పెంపుడు జంతువుల్ని నిషేధించలేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాల్లో చెప్పింది. అవే మార్గదర్శకాలు ఇతరులకు ఇబ్బంది లేకుండా చూసుకోమని పెంచేవాళ్లకూ చెబుతున్నాయి.

"మందు పెట్టి చంపేస్తా" అని ఎవరైనా అన్నరోజునుంచి పిల్లి బయటికి పోకూడదు. ఆ మాట ఎప్పుడు, ఎవరి ముందు అన్నారో రాసి, మెసేజీ అయితే స్క్రీన్‌షాట్ తీసి, స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. కాలనీ వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టి దుమ్మెత్తిపోయడం వద్దు. పరువు పోయిన మనిషి మొండికేస్తాడు. పిల్లి చనిపోతే కడుపుకోత ఎంతున్నా వెంటనే పూడ్చకండి. కవర్లో చుట్టి ఐసు పెట్టెలో చల్లగా ఉంచండి, గడ్డకట్టించకండి. వాంతి, మిగిలిన తిండి గ్లవుజులతో తీసి వేరే సీసాలో మూతపెట్టాలి. ముందు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, వాళ్ల లేఖతో ప్రభుత్వ పశువైద్యుడి దగ్గర పోస్టుమార్టం చేయించాలి. లోపలి అవయవాలు ఫోరెన్సిక్ ల్యాబుకు పోతేనే ఏ విషమో తేలుతుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఆధారం చెడిపోతుంది.

పిల్లి కనిపించకపోతే మాత్రం మొదటి అనుమానం విషం మీదికి పోనివ్వకండి. తప్పిపోయిన పిల్లులు ఎక్కువగా దగ్గర్లోనే, ఎక్కడో ఇరుక్కునో భయంతో నక్కో ఉంటాయి: అటక మీద, కారు బానెట్ కింద, తాళం వేసిన స్టోర్ రూములో. ఊరెళ్లిన పక్కింటివాళ్లు తలుపు వేస్తున్నప్పుడు లోపలే ఉండిపోయి ఉండొచ్చు. రాత్రి పదకొండు తర్వాత వీధి సద్దుమణిగాక టార్చితో కారుల కింద, సజ్జల మీద చూడండి, కళ్లు మెరుస్తాయి. చెంచాతో గిన్నె కొట్టి ఒక నిమిషం కదలకుండా వినండి. తెల్లారగానే ఇరుపక్కల ఇళ్లవాళ్లనూ "అన్నయ్యగారూ, ఒక్కసారి మీ మేడమీద గది తీసి చూస్తారా" అని అడగాలి. "నేను చూశాను, లేదు" అంటే తాళం ఇప్పించుకుని మనమే వెళ్లి పిలవడం మంచిది. భయపడ్డ పిల్లి కొత్త గొంతుకి పలకదు.